క్యాన్సర్ వైద్యంలో పాత మందులు

ఒక జబ్బుకు అనుమతి పొందిన మందును వైద్యుడు తన విచక్షణతో మరో జబ్బుకు రాయడాన్ని ఆఫ్-లేబుల్ వాడకం అంటారు. అమెరికా 1962లో మందుల చట్టాన్ని సవరించి, పని చేస్తుందని రుజువు చూపితేనే కొత్త మందుకు అనుమతి ఇస్తామంది. అయితే మార్కెట్లోకి వచ్చిన మందును ఎవరికి రాయాలన్నది వైద్యుడికే వదిలేసింది. క్యాన్సర్ వైద్యంలో ఈ వెసులుబాటు కొందరికి ఆయుష్షు పోసింది, మరికొందరిని మోసగాళ్ల చేతికి అప్పగించింది.

ఆ సవరణకు కారణమైన థాలిడోమైడ్ కథే అన్నిటికన్నా చిత్రమైనది. 1957లో పశ్చిమ జర్మనీలో నిద్రమాత్రగా వచ్చిన ఈ మందును వేవిళ్లతో బాధపడే గర్భిణులూ వేసుకున్నారు. దాని వల్ల వివిధ దేశాల్లో 10,000 మందికి పైగా పిల్లలు కాళ్లూ చేతులూ సరిగా ఏర్పడకుండా పుట్టారు. 1961 నవంబరులో జర్మనీలో అమ్మకం ఆగిపోయింది. అక్కడితో ముగియవలసిన మందుకు జెరూసలేంలో మళ్లీ ప్రాణం వచ్చింది. అక్కడి వైద్యుడు జేకబ్ షెస్కిన్, కుష్ఠు వల్ల వచ్చిన పుండ్ల బాధతో నిద్ర లేక నలిగిపోతున్న రోగికి 1964లో ఈ మాత్ర ఇచ్చారు. రోగికి నిద్ర పట్టింది, దానితోపాటు పుండ్లూ మానసాగాయి.

1994లో బోస్టన్‌లో జూడా ఫోక్‌మన్ ప్రయోగశాలలోని రాబర్ట్ డమాటో, ఈ మందు కుందేలు కంటిపొరలో కొత్త రక్తనాళాలు మొలవకుండా ఆపుతుందని చూపించారు. కణితి పెరగాలంటే కొత్త రక్తనాళాలు కావాలన్నది ఫోక్‌మన్ సిద్ధాంతం. ఎముక మూలుగలో పుట్టే మైలోమాతో చివరి దశకు చేరిన ఒక రోగి భార్య ఆ సంగతి తెలుసుకుని, అర్కాన్సాస్‌లో వైద్యుడైన బార్ట్ బార్లోగీని ఈ మందు వాడి చూడమని ఒప్పించింది. ఆమె భర్తను మందు కాపాడలేకపోయింది. కానీ బార్లోగీ బృందం అంతటితో వదిలేయలేదు. ఇతర వైద్యానికి లొంగని 84 మందికి ఇచ్చి చూసింది. మైలోమా కణాలు ఒక ప్రొటీన్‌ను రక్తంలోకీ మూత్రంలోకీ వదులుతాయి గనుక మందు పని చేస్తోందో లేదో అంకెల్లో తెలుస్తుంది. 1999లో ప్రచురించిన ఫలితాల ప్రకారం దాదాపు మూడో వంతు మందిలో ఆ ప్రొటీన్ తగ్గింది. ఏడాది ముందే కుష్ఠు పుండ్లకు అనుమతి వచ్చి ఉండటంతో వైద్యులు మైలోమాకు ఆఫ్-లేబుల్‌గా రాయడం మొదలుపెట్టారు. అధికారిక అనుమతి 2006లో వచ్చింది. అసలు పని జరిగేది రక్తనాళాల దగ్గర కాదనీ, సెరెబ్లాన్ అనే ప్రొటీన్ ద్వారాననీ తర్వాత తేలింది. మందు పనిచేసే తీరుపై తొలి ఊహ తప్పినా మందు నిలబడిందంటే, దాన్ని కొలిచి చూసిన వాళ్ల ఓపికే కారణం.

ఆ ఓపిక లేనిచోట ఏమవుతుందో డైక్లోరోఅసిటేట్ చూపించింది. రక్తంలో లాక్టిక్ ఆమ్లం పేరుకుపోయే అరుదైన పుట్టు జబ్బులకు వైద్యులు వాడి చూస్తూ వచ్చిన చవక రసాయనం అది. 2007 జనవరిలో కెనడాలోని అల్బెర్టా విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు, ఎలుకల్లో పెంచిన మనిషి క్యాన్సర్ కణితులను అది కుదించిందని ప్రకటించారు. పేటెంట్ దొరకదు గనుక కంపెనీలు దీన్ని పట్టించుకోవన్న మాట రోగుల ఆశను మరింత పెంచింది. అప్పటికి ఏ క్యాన్సర్ రోగిపైనా ట్రయల్ జరగలేదు. అయినా జంతువులకని చెప్పి ఇంటర్నెట్‌లో అమ్మితే మనుషులే కొనుక్కుని తాగారు. కొద్ది నెలల్లోనే అమెరికా ప్రభుత్వం ఆ అమ్మకాన్ని ఆపించింది. ఎక్కువ మోతాదులో అది నరాలను దెబ్బతీసి, కాళ్లూ చేతులూ తిమ్మిరెక్కిస్తుంది. 2010లో వెలువడిన తొలి నివేదికల్లో ఒకటి మెదడు క్యాన్సర్ ఉన్న అయిదుగురి గురించినదే. అంత తక్కువ మందిని చూసి ఫలానా మందు ప్రాణం నిలిపిందని చెప్పడం కుదరదు.

చక్కెర జబ్బు మాత్ర మెట్‌ఫార్మిన్‌కు ఇంతకంటే గట్టి పరీక్షే జరిగింది. ఈ మాత్ర వాడేవారిలో క్యాన్సర్ తక్కువగా కనిపిస్తోందని 2005లో స్కాట్లాండ్ పరిశోధకులు రాశాక ఆశలు పెరిగాయి. తర్వాత చక్కెర జబ్బు లేని 3,649 మంది రొమ్ము క్యాన్సర్ రోగులను రెండు గుంపులు చేసి, ఒక గుంపుకు మెట్‌ఫార్మిన్, మరో గుంపుకు మందు లేని మాత్ర ఇచ్చారు. 2022లో ప్రచురించిన ప్రధాన ఫలితాల ప్రకారం, హార్మోన్ గ్రాహకాలున్న క్యాన్సర్‌లో మెట్‌ఫార్మిన్ వల్ల జబ్బు తిరగబెట్టడం తగ్గలేదు, ఆయుష్షూ పెరగలేదు. తొలి అంచనాల్లో కొన్నింటికి లెక్కల్లోని పొరపాటే మూలం: ఎక్కువ కాలం బతికినవారే ఎక్కువ కాలం మాత్ర వేసుకోగలిగారు గనుక, మాత్ర వేసుకున్నందుకే బతికినట్టు కనిపించింది.