పళ్లెంలో పెరిగే పేగు

మన పేగు లోపలి గోడ మందం ఒక్క కణమే. ఆ ఒక్క వరుసకు ఇవతల మనం తిన్న తిండి, తాగిన నీళ్లు, వాటితో పాటు వచ్చే సూక్ష్మజీవులు. అవతల రక్తం, పెద్ద సంఖ్యలో కాపు కాసే రోగనిరోధక కణాలు. అరిగిపోయే చోటు కాబట్టి నాలుగైదు రోజులకోసారి ఆ వరుస దాదాపు మొత్తం మారిపోతుంది. అంత జోరుగా పుట్టుకొచ్చే కణాలు ఒంట్లోంచి బయటికి తీస్తే మాత్రం ఒకటి రెండు రోజుల్లో చచ్చిపోయేవి. ల్యాబులో పేగును పెంచే ప్రయత్నమంతా ఈ చిక్కుముడి చుట్టూనే నడిచింది. విడదీసిన కణం పోగొట్టుకున్న తోడేమిటో కనిపెట్టి తిరిగి ఇచ్చిన ప్రతిసారీ పని ఒక అడుగు ముందుకు పడింది. ఈ చరిత్రలో నన్ను కట్టిపడేసేది అదే.

చిన్నపేగులో వేళ్లలా పొడుచుకొచ్చే ఆంత్రచూషకాల మొదట్లో సన్నటి గుంటలుంటాయి. వాటి అడుగున రేణువులతో నిండిన కణాలున్నాయని 1888లో వియన్నా శాస్త్రవేత్త యోసెఫ్ పానెత్ వివరంగా రాశాడు. ఆ తర్వాత రెండేళ్లకే, 32 ఏళ్ల వయసులో క్షయతో కన్నుమూశాడు. ఆ రేణువుల్లో ఉన్నవి బ్యాక్టీరియాను చంపే లైసోజైము, డిఫెన్సిన్లు అని తేలేసరికి చాలా దశాబ్దాలు గడిచాయి. 1974లో కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో హేజెల్ చెంగ్, చార్లెస్ లెబ్లాండ్ మరో మాట అన్నారు. అతని పేరుతోనే పిలిచే పానెత్ కణాల మధ్య ఇరుక్కుని ఉన్న సన్నటి కణాలే పేగు గోడ అంతటికీ మూలమని. రుజువు చెయ్యడానికి అప్పటికి దారి లేదు.

ఆ లోపు పరిశోధకులు క్యాన్సర్ కణాలతో సరిపెట్టుకున్నారు. 1970లలో అమెరికాలో ఒక రోగి పెద్దపేగు కణితి నుంచి తీసిన కాకో-2 కణాలు ప్లాస్టిక్ మీద ఎన్నేళ్లయినా పెరుగుతాయి. మూడు వారాలు కదపకుండా ఉంచితే ఆహారం పీల్చుకునే చిన్నపేగు కణాల పోలికలు తెచ్చుకుంటాయి. మందులు పేగు నుంచి ఒంట్లోకి ఎలా ఇంకుతాయో చూడ్డానికి ఫార్మా కంపెనీలు ఇప్పటికీ వీటినే వాడతాయి. రోగనిరోధక శక్తి విషయంలో వీటితో వచ్చిన గొప్ప ఫలితం 1997 నాటిది. స్విట్జర్లాండ్‌లో క్రెహెన్‌బుల్ బృందం ఎలుక పేగు నుంచి లింఫోసైట్లు అనే రోగనిరోధక కణాలు తీసి కాకో-2 పక్కన పెంచితే, కొన్ని కాకో-2 కణాలు తీరు మార్చుకుని, సూక్ష్మజీవులను పట్టి లోపలి కాపలాదారులకు అందించే ఎం-కణాల్లా తయారయ్యాయి. కాపలాదారులు గోడ వెనక ఊరికే నిలబడి ఉండరు, గోడనే మారుస్తారు అని అప్పుడు అర్థమైంది.

క్యాన్సర్ లేని పేగును పెంచడానికి కావలసిన సరుకులు ఒక్కొక్కటీ ఒక్కో ల్యాబు నుంచి వచ్చాయి. పేగు కణాన్ని దాని పునాది నుంచి లాగేస్తే అది తనంతట తానే చచ్చిపోతుందని 1990లలో తెలిసింది. ఆ పునాదికి బదులుగా పనికొచ్చే జిగురు అప్పటికే అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థ ఎన్‌ఐహెచ్‌లో ఉంది. హిండా క్లీన్‌మన్, జార్జ్ మార్టిన్ ఎలుక కణితి నుంచి తీసిన మాట్రిజెల్ అది. 2004లో నాగిన్ అనే ప్రొటీను, 2005లో ఆర్-స్పాండిన్ ఎలుకల పేగులో కొత్త కణాల పుట్టుకను పెంచడం చూశారు. ఇక మిగిలింది అసలు మూలకణం ఏదో గుర్తుపట్టడం. నెదర్లాండ్స్‌లోని యూట్రెక్ట్ నగరంలో, హాన్స్ క్లెవర్స్ ల్యాబులో నిక్ బార్కర్ 2007లో ఆ పని చేశాడు. ఎల్‌జీఆర్-5 అనే గుర్తు ఉన్నవే మూలకణాలు. చెంగ్, లెబ్లాండ్ వేలు పెట్టి చూపించిన ఆ సన్నటి కణాలే అవి.

జపాన్ నుంచి ఆ ల్యాబుకు వెళ్లిన జీర్ణకోశ వైద్యుడు తొషిరో సాతో 2009లో సరుకులన్నీ ఒకచోట చేర్చాడు. మాట్రిజెల్, నాగిన్, ఆర్-స్పాండిన్, కణాలను పెరగమని పురమాయించే ఈజీఎఫ్ ప్రొటీను, వాటి మధ్య ఒకే ఒక్క మూలకణం. దాన్నుంచే గుంటలు, ఆంత్రచూషకాల భాగాలు, అన్ని రకాల కణాలు ఉన్న బుల్లి పేగు తయారైంది. ఆర్గనాయిడ్ అంటున్నది దీన్నే.

ఆ పని దగ్గర నిలబడి చూడాలి. మాట్రిజెల్‌ది నెయ్యికి సరిగ్గా తిరగబడ్డ గుణం: చల్లగా ఉంటే కరిగి ఉంటుంది, వెచ్చబడితే గడ్డకడుతుంది. అందుకే ఐసు మీద ఉంచి కణాలు కలిపి, పిపెట్‌తో పళ్లెం అరల్లో ఒక్కో చుక్కా వేస్తారు. 37 డిగ్రీల్లో చుక్క బిగుసుకున్నాక పైన పోషక ద్రవం పోస్తారు. మొదట గుండ్రటి బుడగ. నాలుగైదు రోజులకు దాని అంచున మొగ్గలు పొడుచుకొస్తాయి. ఒక్కో మొగ్గ ఒక్కో గుంట, దాని కొసన మెరిసే రేణువులతో పానెత్ కణాలు. ఆయువు తీరిన కణాలు మధ్యలోకి రాలి, బుడగ లోపల నల్లగా పేరుకుంటాయి. వారానికోసారి పగలగొట్టి కొత్త చుక్కల్లో వేస్తే చాలు, పెరుగుతూనే ఉంటుంది.

పానెత్ కణాల సంగతి మళ్లీ తేలింది అప్పుడే. ఒంటరిగా వేసిన మూలకణాల్లో చాలా భాగం చచ్చిపోయేవి. పక్కన ఒక పానెత్ కణం ఉంటే నిలదొక్కుకునేవి. మూలకణం బతకడానికి కావలసిన డబ్ల్యూఎన్‌టీ-3, ఈజీఎఫ్ సంకేతాలను పంపేది పానెత్ కణమేనని సాతో, క్లెవర్స్ 2011లో చూపించారు. క్రిములను చంపే కణమే పేగుకు పెంపుడు తల్లి కూడా అన్నమాట. ఈ మొత్తం కథలో నాకు అన్నిటికన్నా అందంగా కనిపించే ఘట్టం ఇదే. మనిషి పేగు అలా సులువుగా లొంగలేదు. దానికి డబ్ల్యూఎన్‌టీని, మరికొన్ని రసాయనాలను బయటి నుంచి అందించాల్సి వచ్చింది. అదీ 2011లోనే కుదిరింది.

ఆపైన జబ్బుల వంతు. 1968లో ఒహాయో రాష్ట్రంలోని నార్వాక్‌లో ఒక బడి పిల్లలకు వాంతులు తెప్పించిన నోరోవైరస్‌ను ల్యాబులో నిలకడగా పెంచడం అర్ధశతాబ్దం పాటు సాధ్యం కాలేదు. 2016లో హ్యూస్టన్‌లో మేరీ ఎస్టెస్ బృందం మనిషి పేగు ఆర్గనాయిడ్లలో పెంచింది. కొన్ని రకాలకు పైత్యరసం కూడా కలపాల్సి వచ్చింది. పుట్టుకతో వైరస్‌కు లొంగని మనుషుల నుంచి తీసిన ఆర్గనాయిడ్లు పళ్లెంలోనూ లొంగలేదు. అంటే కణాలు తమ మనిషి గుణాన్ని వెంట తెచ్చుకుంటున్నాయి. మనకు ఇది చాలా ముఖ్యం. హైదరాబాద్‌లో భారత్ బయోటెక్ తయారుచేసిన రోటావ్యాక్ టీకా చుక్కలు మన దేశంలో జరిగిన పరీక్షలో తీవ్రమైన రోటావైరస్ విరేచనాలను సగానికి కొంచెం పైగా ఆపాయి. ధనిక దేశాల్లో రోటా టీకాలు ఇంతకన్నా చాలా బాగా పనిచేస్తాయి. నోటి టీకాలు పేద దేశాల పిల్లల పేగులో ఎందుకు తక్కువగా పట్టుకుంటాయో ఆ పిల్లల పేగు కణాలనే అడగడానికి ఇప్పుడు దారి దొరికింది.

అయితే గోడ ఉన్నంత మాత్రాన కాపలా ఉన్నట్టు కాదు. సాతో ఆర్గనాయిడ్‌లో రోగనిరోధక కణాలు లేవు. మొదట వాటి సంకేతాలనే ద్రవంలో కలిపి చూశారు. ర్యాంక్‌-ఎల్ కలిపితే ఎం-కణాలు పుట్టాయి. ఇంటర్‌ల్యూకిన్-22 పోస్తే మూలకణాలు జోరందుకున్నాయి. ఇంటర్‌ల్యూకిన్-13 పోస్తే నులిపురుగులను పసిగట్టే టఫ్ట్ కణాలు పెరిగాయి. తర్వాత ఆ కణాలనే తెచ్చి చేర్చడం మొదలైంది. 2024లో స్విట్జర్లాండ్‌లోని రోష్ శాస్త్రవేత్తలు ఒకే మనిషి నుంచి పేగు ఆర్గనాయిడ్లనూ, ఆ పేగులోనే కాపురముండే టీ-కణాలనూ తీసి కలిపితే, టీ-కణాలు గోడలోకి తామే దూరి సర్దుకున్నాయి. టీ-కణాలను కణితి మీదికి ఉసిగొల్పే ఒక క్యాన్సర్ మందు రోగుల పేగుకు చేసిన చేటు ఆ పళ్లెంలోనూ కనబడింది.

అదే ఏడాది స్టాన్‌ఫర్డ్‌లో కాల్విన్ కువో బృందం సీలియాక్ జబ్బున్న వారి చిన్నపేగు ముక్కలను, వాటిలోని రోగనిరోధక కణాలు పోకుండా, పైభాగం గాలికి తగిలేలా పెంచింది. గోధుమలోని గ్లూటెన్ ముక్కలు కలిపితే, లోపలి టీ-కణాలు రెచ్చిపోయి గోడ కణాలను చంపాయి. ఇంటర్‌ల్యూకిన్-7ను అడ్డుకుంటే ఆ చావు తగ్గింది. గ్లూటెన్ ఉన్న తిండి మానెయ్యడం తప్ప ఈ జబ్బుకు ఆమోదం పొందిన మందు ఇంకా లేదు. ఎక్కడ అడ్డుపడాలో మాత్రం ఒక ఆనవాలు దొరికింది.