కుళాయి నీళ్లలోకి క్లోరోఫామ్ ఎలా వచ్చింది?

అమెరికాలోని జెర్సీ సిటీలో 1908లో డాక్టర్ జాన్ లీల్ చొరవతో నగరమంతటికీ వెళ్లే నీళ్లలో క్లోరిన్ కలపడం మొదలైంది. టైఫాయిడ్, కలరాలను తరిమికొట్టిన మందు అది. మరో అరవై ఏళ్లకు పైగా, ఆ మందు నీళ్లలో ఇంకేం చేస్తోందో ఎవరికీ తెలియలేదు.

ఆ సంగతి నెదర్లాండ్స్‌లోని రాటర్‌డామ్‌లో బయటపడింది. అక్కడి నీటి సరఫరా సంస్థలో రసాయన శాస్త్రవేత్త యోహాన్నెస్ రూక్ అంతకుముందు బీరు తయారీ రంగంలో పనిచేశారు. మూసిన సీసాలో బీరు పైన నిలిచే ఆవిరిని పట్టి, దాని వాసనకు కారణమైన పదార్థాలను వేరుచేసి చూసే పద్ధతి ఆయనకు బాగా తెలుసు. దాన్నే తాగునీటికి వాడారు. నదినుంచి తెచ్చిన నీళ్లలో కనిపించని క్లోరోఫామ్, క్లోరిన్ కలిపిన నీళ్లలో కనిపించింది. శుద్ధికి ముందూ తర్వాతా రెండు నీళ్లనూ పక్కపక్కన పరీక్షించడంలోనే ఆయన గొప్పతనమంతా ఉందని నా అభిప్రాయం.

క్లోరోఫామ్ అంటే ఒకప్పుడు ఆపరేషన్లలో మత్తుకిచ్చిందే. అది ఎంతవరకు సురక్షితమో తేల్చడానికి 1888, 1889లలో నిజాం హైదరాబాదులో కమిషన్లే కూర్చున్నాయి. నీళ్లలోకి మాత్రం దాన్ని ఎవరూ తెచ్చిపోయలేదు. రాలిన ఆకులు, కుళ్లిన మొక్కలు నదికి ఇచ్చే గోధుమరంగు హ్యూమిక్ పదార్థాలతో క్లోరిన్ కలిసినప్పుడు అక్కడికక్కడే పుడుతుంది. నీళ్లలో బ్రోమైడ్ ఉంటే బ్రోమోఫామ్ లాంటివీ తోడవుతాయి. ఈ కుటుంబమే ట్రైహాలోమీథేన్లు.

రూక్ పరిశోధన 1974లో అచ్చయింది. అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ శాస్త్రవేత్తలు కూడా అదే ఏడాది ఇదే విషయం ప్రకటించారు. 1976లో క్లోరోఫామ్ ఎలుకల్లో క్యాన్సర్ కలిగిస్తుందని అక్కడి జాతీయ క్యాన్సర్ సంస్థ చెప్పింది. 1979లో ట్రైహాలోమీథేన్లన్నీ కలిపి లీటరుకు 100 మైక్రోగ్రాములు మించకూడదన్న హద్దు వచ్చింది. 1998 నిబంధనలతో అది 80కి దిగింది.

అయితే ఇది విని క్లోరిన్ మానేస్తే ప్రాణాలకే ముప్పు. కలుషిత నీళ్లు రోజుల్లో మనిషిని తీసుకుపోతాయి. ఈ పదార్థాల ప్రమాదం ఏళ్లతరబడి తాగితే వచ్చేది. చేయాల్సింది, పటికతో మడ్డిని అడుగుకు దించి, వడగట్టి, ఆ తర్వాతే క్లోరిన్ కలపడం. అప్పుడు దానికి దొరికే సేంద్రియ పదార్థమే తగ్గుతుంది. మన దేశపు 2012 తాగునీటి ప్రమాణం రెండింటినీ పట్టించుకుంది: ఇంటికి చేరేసరికి మిగులు క్లోరిన్ లీటరుకు 0.2 మిల్లీగ్రాములకు తగ్గకూడదు, క్లోరోఫామ్ 0.2 మిల్లీగ్రాములకు మించకూడదు. మొదటిదాన్ని చాలాచోట్ల చూస్తున్నారు. రెండోదాన్నీ అంతే శ్రద్ధగా పరీక్షించి, ఆ లెక్క ఊరివాళ్లకు చెప్పాలి.