ఖజానా, భూమి, రాజ్యపు ఆయుర్దాయం

ఒక రాజ్యం ఎంతకాలం నిలుస్తుందో దాని ఖజానాను చూసి చెప్పవచ్చునా? ప్రపంచంలోకెల్లా ధనికుడని 1937లో పేరుమోసిన ఏడవ నిజాం రాజ్యం 1948 సెప్టెంబరులో ఐదు రోజులలో కూలిపోయింది. పతనానికి కారణాలు రాజకీయమైనవే. అయితే 1946 నుండే తెలంగాణ పల్లెలలో రైతులు తిరగబడి ఉన్నారన్న సంగతిని చరిత్రకారుడు పక్కకు నెట్టలేడు.

ఇబ్నె ఖల్దూన్ 1377లో రచించిన 'ముఖద్దిమా'లో ఇందుకు వేరొక కొలమానం సూచించాడు. రాజ్యం ఆరంభదశలో పన్ను తక్కువగాను, రాబడి ఎక్కువగాను ఉంటాయి. అవసానదశలో ఇది తారుమారవుతుంది. తన కష్టార్జితం తనకు దక్కదని తోచినప్పుడు సేద్యగాడు చేతులు ముడుచుకుంటాడు. అంతకు సుమారు ఆరు శతాబ్దాల పూర్వమే ఇమాం అబూ యూసుఫ్ (మరణం 798), ఖలీఫా హారూన్ రషీద్ కోరికపై వ్రాసిన 'కితాబుల్ ఖరాజ్'లో, శిస్తు వసూలును గుత్తకివ్వడాన్ని గట్టిగా వ్యతిరేకించారు. గుత్తేదారు తన లాభం కొరకు రైతును పిండుతాడు, ఊళ్ళు పాడుబడతాయి.

హైదరాబాదులో సరిగ్గా ఇదే జరిగింది. 1853 మే నెలలో, సైన్యం జీతాల బాకీ క్రింద బీరారు కంపెనీ వారి చేతికి పోయింది. ఆ నెలలోనే 24 ఏళ్ళ సాలార్ జంగ్ దీవాన్ అయ్యాడు. అప్పటికి ఎన్నో తాలూకాలు గుత్తేదారుల వద్దా, అప్పులిచ్చిన అరబ్బు, రోహిల్లా సర్దారుల వద్దా చిక్కుకొని ఉన్నాయి. అతడు వాటిని విడిపించి, జీతగాళ్ళయిన అధికారులను నియమించి, 1865లో జిలాబందీ ఏర్పరచాడు. ఖజానా కోలుకున్నది. కాని జాగీర్లు, సర్ఫెఖాస్ కలిపి రాజ్యంలో సుమారు 40 శాతం భూమి 1949 దాకా ఈ సంస్కరణకు వెలుపలనే ఉండిపోయింది. ఆ లోపం ఏ బడ్జెటు మిగులులోనూ కనిపించదు.

1956 వరకు బీదరు జిల్లాలో ఉండిన జహీరాబాదు తాలూకాలో ఈ లెక్క నేటికీ తెగలేదు. 1983లో పస్తాపూర్‌లో మొదలైన దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాలలోని పేద స్త్రీలు బీడుపడిన చెలకలను సాగులోకి తెచ్చి, విత్తనాలు తామే దాచుకున్నారు. ఝరాసంగం మండలంలోని మాచ్‌నూరులో 2008లో సొంత రేడియో కూడా నెలకొల్పుకున్నారు. ఇప్పుడదే ఝరాసంగం, న్యాల్‌కల్ మండలాలలో పారిశ్రామిక మండలి కొరకు సుమారు 12,600 ఎకరాలు నిర్ణయించారు. పోయే భూమికి పరిహారం రూపాయలలో కడతారు. ఒకే చెలకలో కలిపి విత్తే జొన్న, సజ్జ, కందుల విత్తనానికి ఆ లెక్కలో పద్దు లేదు.