పని నేర్పే విద్య: లీన్ శిక్షణ పుట్టుపూర్వోత్తరాలు

పాత ఇళ్లలో కప్పు నుంచి మెలికల వైరు మీద వేలాడే బల్బు హోల్డరు మూత విప్పి చూస్తే, లోపల రెండు తీగల్నీ కలిపి వేసిన చిన్న ముడి ఒకటి కనిపిస్తుంది. హోల్డరు బరువంతా ఆ ముడి మీద ఆగుతుంది. స్క్రూల కింద బిగించిన రాగి పోగుల మీద లాగుడు పడదు. ముడి లేకుండా బిగిస్తే ఎప్పుడో ఒకప్పుడు తీగ ఊడి నిప్పురవ్వలు లేస్తాయి. అందుకే అమెరికాలో దాన్ని అగ్నిప్రమాద బీమావాళ్ల పేరుతో పిలిచేవారు. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో అక్కడి ఫ్యాక్టరీల్లో లక్షలమంది ఫోర్‌మన్‌లకు మొదటి పాఠం ఈ ముడితోనే మొదలైంది. ఇవాళ, పనిలో వృథాని తగ్గించే లీన్ మాన్యుఫాక్చరింగ్ పేరుతో ప్రపంచమంతా నడుస్తున్న శిక్షణకు ఒక పెద్ద వేరు ఆ తరగతిలోనే ఉంది.

పాఠం ఇలా సాగేది. పదిమంది చుట్టూ కూర్చుంటారు. ట్రైనరు ఒకర్ని ముందుకు పిలిచి, చేతిలో ఏమీ పట్టుకోకుండా నోటితోనే చెబుతాడు: "మెలిక విప్పి రెండు కొసల్నీ విడదియ్యి. ఎడమచేతి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకో. కుడి కొసని అసలు తీగ ముందు నుంచి తెచ్చి మెలిక చుట్టు. ఎడమ కొసని దాని కింద నుంచి, అసలు తీగ వెనక నుంచి తిప్పి, ఆ మెలికలోంచి తియ్యి. రెండూ సమానంగా పట్టుకుని బిగించు." తరవాత వైరు చేతికిస్తే ఆ మనిషికి చేతులాడవు. అప్పుడు ఇంకొకర్ని పిలిచి, ఈసారి నోరు విప్పకుండా చేసి మాత్రమే చూపిస్తాడు. అతనూ తడబడతాడు. చెప్పేవాడికి పని వచ్చు, వినేవాడికి తెలివి ఉంది. అయినా పని రాలేదు.

మూడోసారి ట్రైనరు పద్ధతి మారుస్తాడు. ముందు ఆ మనిషిని కుదుటపరిచి, ఈ పని గురించి నీకేం తెలుసని అడిగి, సరిగ్గా కనిపించే చోట కూర్చోబెడతాడు. ఒక్కొక్క మెట్టూ చెబుతూ చూపిస్తాడు, ఏ మెట్టులో ఏది కీలకమో అక్కడ ఆగుతాడు. తరవాత వైరు అతని చేతికిచ్చి చేయిస్తాడు, చేస్తుండగా ఎందుకలా చేస్తున్నావో అతని నోటితోనే చెప్పిస్తాడు. వచ్చిందని నమ్మకం కలిగాకే వదిలి, అనుమానం వస్తే ఎవర్ని అడగాలో చెప్పి, మధ్యమధ్య వచ్చి చూస్తాడు. సిద్ధం చెయ్యడం, చూపించడం, చేయించడం, వెంట ఉండడం. ఈ నాలుగు మెట్లూ అచ్చేసిన చిన్న కార్డు ప్రతి ఫోర్‌మన్ జేబులోకీ చేరేది. పనివాడికి పని రాకపోతే నేర్పినవాడు సరిగా నేర్పలేదన్నదే ఆ కార్డు మీది సిద్ధాంతం.

మన ఆటోనగర్లలో, బాలానగర్ షెడ్లలో చేరిన కుర్రాడికి మేస్త్రీ మొదటిరోజు చెప్పే మాట "చూసి నేర్చుకోరా" అనే. ఏళ్ల తరబడి పానాలు అందిస్తూ, తిట్లు తింటూ నేర్చుకుని గొప్ప పనివాళ్లయినవాళ్లు ఎంతోమంది ఉన్నారు, కాదనను. కానీ నేర్చుకోలేక మధ్యలో వెళ్లిపోయినవాళ్లని ఎవరూ లెక్కపెట్టలేదు. వాళ్లకు తెలివి లేదన్న తీర్పు ఒక్కటే మిగిలింది. ఆ తీర్పుని తిరగదోడింది కాబట్టే ఈ శిక్షణ కథ నాకు చాలా విలువైనదిగా కనిపిస్తుంది.

ముడితో మొదలైన ఆ అమెరికా కార్యక్రమం పేరు ట్రైనింగ్ వితిన్ ఇండస్ట్రీ, పొట్టిగా టీడబ్ల్యూఐ. 1940 వేసవిలో ఫ్రాన్స్ జర్మనీ వశమయ్యాక అమెరికా ఫ్యాక్టరీల మీద ఆయుధాల ఆర్డర్లు కుప్పగా పడ్డాయి. పని తెలిసినవాళ్లు తర్వాతి ఏళ్లలో సైన్యంలోకి వెళ్లిపోయారు. వాళ్ల స్థానంలో ఎప్పుడూ మిషను ముట్టుకోని ఆడవాళ్లు, పొలాల్లోంచి వచ్చిన కుర్రాళ్లు చేరారు. 1940 ఆగస్టులోనే ప్రభుత్వం ఈ సర్వీసుని పెట్టి, చమురు కంపెనీలో పనిచేసిన చానింగ్ డూలీకి బాధ్యత అప్పగించింది. ఆయనకు తోడు వెస్టర్న్ ఎలక్ట్రిక్ నుంచి వాల్టర్ డైట్జ్, టెలిఫోన్ కంపెనీ నుంచి మైక్ కేన్, ఉక్కు కంపెనీ నుంచి విలియం కొనోవర్ వచ్చారు. నలుగురూ ఫ్యాక్టరీల్లో మనుషులతో వ్యవహారం నడిపినవాళ్లే.

మొదట ముంచుకొచ్చిన చిక్కు కటకాలది. తుపాకుల గురి అద్దాలకు, దూరదర్శినులకు గాజు అరగదీసే పనివాళ్లు దొరకడం లేదు. ఆ పనిలో చెయ్యి తిరగాలంటే అయిదేళ్లు పడుతుందని పేరు. మైక్ కేన్ షాపులోకి వెళ్లి ఆ పనివాళ్లు రోజంతా ఏం చేస్తున్నారో గమనించాడు. పనిలో చాలా భాగం ఎవరైనా చెయ్యగల చిల్లర పనులే. నిజంగా నేర్పు కావాల్సినవి కొన్నే. చిల్లర పనుల్ని వేరేవాళ్లకు అప్పగించి, మిగిలిన కీలకమైన పనుల్ని ముక్కలుగా విడదీసి పద్ధతి ప్రకారం నేర్పితే అయిదేళ్ల చదువు కొన్ని నెలలకు దిగింది. మూల సూత్రం ఆ షాపులోనే తేలిపోయింది: పనిని విడదీసి చూడు, కీలకం ఎక్కడుందో పట్టుకో, అదే నేర్పు.

నాలుగు మెట్ల పద్ధతి మాత్రం వాళ్లు కనిపెట్టింది కాదు. మసాచుసెట్స్‌లోని న్యూ బెడ్‌ఫర్డ్‌లో వృత్తివిద్య నేర్పిన చార్ల్స్ అలెన్ మొదటి ప్రపంచ యుద్ధంలో ఓడలు కట్టే యార్డుల పనివాళ్ల కోసం దాన్ని తయారుచేశాడు, 1919లో పుస్తకంగా రాశాడు. డూలీ బృందం దాన్ని ఫోర్‌మన్ జేబులో పట్టే సైజుకి కుదించింది.

టీడబ్ల్యూఐలో అసలు కోర్సులు మూడు. పని నేర్పడం ఒకటి, పనిచేసే పద్ధతి మెరుగుపరచడం రెండు, మనుషులతో మెలగడం మూడు. ఒక్కోటీ రోజుకి రెండు గంటల చొప్పున అయిదు రోజులు. రెండో కోర్సులో రేడియోకి వేసే రాగి, ఇత్తడి రేకుల్ని జతచేసే పనిని తీసుకుని ఒక్కో కదలికనీ కాగితం మీద పెట్టేవారు. ఇది అసలు ఎందుకు, ఎక్కడ, ఎప్పుడు, ఎవరు, ఎలా అని అడిగి, అనవసరమైనది తీసెయ్యడం, కలపగలిగింది కలపడం, వరస మార్చడం, సులువు చెయ్యడం. ఇప్పుడు కైజెన్ పేరుతో నేర్పే, పనిని కొద్దికొద్దిగా మెరుగుపరిచే అభ్యాసానికీ దీనికీ పోలిక చూస్తే ఎవరికైనా చుట్టరికం తెలిసిపోతుంది. ప్రతి ఫోర్‌మనూ తన షాపులోని ఒక నిజమైన పనిని తరగతికి తెచ్చి, అందరి ముందూ నేర్పి చూపించాలన్నది నియమం. కొందరు వెళ్లి ట్రైనర్లను తయారుచేసేవారు, ఆ ట్రైనర్లు ఫోర్‌మన్‌లను తయారుచేసేవారు. పాఠం ఎవరి చేతిలోనూ పలచబడకుండా, మాన్యువల్లో ఉన్నది ఉన్నట్టే చెప్పాలని కట్టడి పెట్టారు. 1945లో సర్వీసు మూసేసే నాటికి 16,500కు పైగా ఫ్యాక్టరీల్లో సుమారు 17 లక్షల 50 వేలమంది సర్టిఫికెట్ పుచ్చుకున్నారు.

యుద్ధం అయిపోయింది, అమెరికా దీన్ని మరిచిపోయింది. బాంబులు పడని ఫ్యాక్టరీలు, ఏది చేసినా కొనే ప్రపంచం. పొదుపుగా పనిచెయ్యాల్సిన తొందర ఎవరికీ లేకపోయింది.

తొందర జపాన్‌కి ఉంది. అక్కడ ఆక్రమణ సైన్యం అధికారులే ఈ కోర్సుల్ని తెప్పించారు. 1951లో ఒహైయో రాష్ట్రంలోని క్లీవ్‌లాండ్ నుంచి లోవెల్ మెలెన్ బృందం వెళ్లి జపాన్ ట్రైనర్లకు పాఠాలు చెప్పింది. ఆ దేశపు కార్మిక శాఖ దాన్ని నెత్తికెత్తుకుంది. 1955లో శిక్షణ కోసం ప్రత్యేకంగా ఒక సంఘమే ఏర్పడింది.

టయోటాకి అది చావుబతుకుల కాలం. 1950లో డబ్బు లేక కంపెనీ మునిగే స్థితికొచ్చింది. పెద్దఎత్తున ఉద్యోగాలు పోయాయి, సమ్మె జరిగింది, కంపెనీ స్థాపించిన కీచిరో టయోడా రాజీనామా చేశాడు. వెంటనే కొరియా యుద్ధం వల్ల ట్రక్కుల ఆర్డర్లు వచ్చిపడ్డాయి. తీసేసిన మనుషుల్ని వెనక్కి పిలవలేరు, ఉన్న కొద్దిమందితోనే ఎక్కువ పని జరగాలి. మిషను షాపులో తైఇచి ఓనో అప్పటికే ఒక్కో మనిషికి మూడు నాలుగు మిషన్లు అప్పగించి చూస్తున్నాడు. అలా చెయ్యాలంటే ఒక్కడికి నాలుగు పనులు రావాలి, అవి త్వరగా రావాలి, ఎవరు నేర్పినా ఒకేలా రావాలి. టీడబ్ల్యూఐ అక్కడ సరిగ్గా అతికింది. పద్ధతులు మెరుగుపరిచే కోర్సు స్థానంలో తరవాత షిగెయో షింగో 1955 నుంచి చెప్పిన పాఠాలు వచ్చాయి. పని నేర్పే కోర్సు మాత్రం టయోటాలో ఊడలు దిగింది.

ఓనో దానికి తనదైన కాఠిన్యం జోడించాడు. షాపు నేల మీద సుద్దముక్కతో గిరి గీసి, ఇంజినీరుని అందులో నిలబెట్టి వెళ్లిపోయేవాడని చెప్పుకుంటారు. గంటలు గడిచాక వచ్చి ఏం కనిపించిందని అడిగేవాడు. ఎవరు వస్తువు కోసం ఎదురుచూస్తున్నారు, ఎక్కడ సరుకు పోగుపడుతోంది, ఏ చెయ్యి ఊరికే కదులుతోంది, ఇవి కనిపించేదాకా ఆ గిరి దాటడానికి లేదు. పని ఎలా చెయ్యాలో రాసే ప్రామాణిక పత్రాన్ని ఆఫీసులో కూర్చున్న ఇంజినీరు రాయకూడదని, ఆ పని చేయించే సూపర్‌వైజరే రాయాలని పట్టుబట్టాడు. నేర్పగలిగినవాడే రాయగలడు, రాసినవాడే మార్చగలడు. నా దృష్టిలో టయోటా పద్ధతి గుట్టంతా, ఏ సరుకు ఎంత కావాలో చెప్పే కాన్‌బాన్ చీటీల్లోకంటే ఈ నియమంలో ఎక్కువ ఉంది. చీటీలు చూసి ఎవరైనా కాపీ కొట్టొచ్చు. పనిచేసేవాడి చేతికి కలం ఇవ్వడానికి యాజమాన్యానికి గుండెధైర్యం కావాలి.

1970 ప్రాంతంలో టయోటా తన సరఫరాదారులకు కూడా ఇది నేర్పడానికి ఒక విభాగం పెట్టింది. 1973 చమురు సంక్షోభంలో మిగతా కంపెనీలు చతికిలబడి, టయోటా త్వరగా తేరుకున్నాక దేశమంతా అటు చూసింది. ఓనో తన పుస్తకం 1978లో అచ్చువేశాడు.

ఇక ఈ పద్ధతి అమెరికాకి తిరిగొచ్చిన చోటు, కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్. గొడవలకూ గైర్హాజరీకీ పేరుపడ్డ అక్కడి జనరల్ మోటార్స్ ఫ్యాక్టరీ 1982లో మూతపడింది. 1984లో టయోటాతో కలిసి నుమ్మి పేరుతో మళ్లీ తెరిచారు. చాలావరకు పాత కార్మికుల్నే, పాత యూనియన్నే తీసుకున్నారు. టీమ్ లీడర్లను జట్లుజట్లుగా జపాన్‌లోని తకావోకా ఫ్యాక్టరీకి పంపి లైను మీదే నిలబెట్టి నేర్పారు. అక్కడ వాళ్లకు కొత్తగా అనిపించింది తల మీద వేలాడే తాడు. బోల్టు సరిగా పడలేదా, తాడు లాగాలి. టీమ్ లీడరు పరుగెత్తుకొచ్చి సాయపడతాడు, అప్పటికీ కుదరకపోతే లైను ఆగుతుంది. అంతకుముందు వాళ్లకి తెలిసిన లోకంలో లైను ఆపడం మహాపరాధం. కొద్దికాలంలోనే ఆ ఫ్యాక్టరీ నాణ్యత జనరల్ మోటార్స్‌లో ముందువరసలోకి వచ్చింది. అదే గేటు, అదే మనుషులు, మారింది నేర్పే తీరు, నమ్మే తీరు.

నుమ్మిలో ఇంజినీరుగా పనిచేసిన జాన్ క్రాఫ్చిక్ 1988లో రాసిన వ్యాసంలో ఈ పద్ధతిని లీన్ అన్నాడు. 1990లో జేమ్స్ వోమాక్, డేనియల్ జోన్స్, డేనియల్ రూస్‌ల పుస్తకంతో ఆ పేరు ఊరూవాడా చేరింది. దాంతో శిక్షణ ఒక పెద్ద వ్యాపారమైంది. మోటరోలాలో పుట్టిన సిక్స్ సిగ్మా అనే నాణ్యత పద్ధతి వాళ్ల కరాటే బెల్టులు లీన్‌కీ వచ్చి చేరాయి. పసుపు, ఆకుపచ్చ, నలుపు. గణాంకాలు నేర్పే బెల్టు కోర్సుల వల్ల మేలు జరిగిన చోట్లు చాలా ఉన్నాయి. కానీ హోటల్ హాల్లో స్లైడ్లు చూసి, పరీక్ష రాసి, రెజ్యూమేలో రాసుకునే సర్టిఫికెట్‌కీ, తన షాపులోని పనిని పదిమంది ముందు నేర్పి చూపించాల్సిన ఆ పాత కోర్సుకీ మధ్య దూరం నన్ను బాధపెడుతుంది. పాత కోర్సు ఫోర్‌మన్ కోసం పుట్టింది. కొత్త కోర్సులు ఎక్కువగా మేనేజర్లకు అమ్ముడవుతున్నాయి. అమెరికాలోనూ ఇది గుర్తించినవాళ్లు ఉన్నారు. జపాన్‌లో సాన్యో కంపెనీలో చేరి టీడబ్ల్యూఐ నేర్చుకున్న అమెరికన్ పాట్రిక్ గ్రాప్, 2001లో న్యూయార్క్ రాష్ట్రంలోని సిరక్యూస్‌లో తన దేశపువాళ్లకే దాన్ని మళ్లీ నేర్పడం మొదలుపెట్టాడు.

మన దేశానికి టీడబ్ల్యూఐ జపాన్‌తో పాటే వచ్చిందంటే ఆశ్చర్యమేస్తుంది. 1950ల్లోనే అంతర్జాతీయ కార్మిక సంస్థ నిపుణులు వచ్చారు, బొంబాయిలో కేంద్రం వెలిసింది. 1958లో జాతీయ ఉత్పాదకత మండలి, 1962లో ఢిల్లీ నుంచి హైదరాబాద్‌కి తరలివచ్చిన చిన్నపరిశ్రమల శిక్షణ సంస్థ, యూసుఫ్‌గూడలో ఇప్పటికీ నడుస్తున్నదే, ఆ కాలపు ఆశల్లోంచి పుట్టాయి. విత్తనం ఒకటే అయినా ఇక్కడ చెట్టు కాలేదు. లైసెన్సుల రోజుల్లో స్కూటరు కోసం జనమే ఏళ్ల తరబడి వరసలో ఉన్నప్పుడు, స్క్రాప్ తగ్గించాలని ఫ్యాక్టరీకి ఎందుకు అనిపిస్తుంది? 1983లో మారుతి సుజుకి పద్ధతుల్ని తెచ్చాక, 1991 తరవాత పోటీ వచ్చాకే మనకి అవసరం తగిలింది. 1998లో సుందరం క్లేటన్ కంపెనీ, నాణ్యతకి జపాన్ ఇచ్చే డెమింగ్ బహుమతి అందుకుంది, మన దేశంలో అదే మొదటిది. 2007లో మొదలైన తయారీరంగ నాయకుల శిక్షణకు గురువైన జపాన్ నిపుణుడు షోజి షిబాకి 2012లో పద్మశ్రీ ఇచ్చాం.

చిన్న యూనిట్లకు 2009లో కేంద్రం లీన్ పథకం తెచ్చింది. పక్కపక్క యూనిట్లని ఒక జట్టుగా చేసి, కన్సల్టెంటు ఖర్చులో 80 శాతం భరించింది. 2023 మార్చిలో దాన్ని బేసిక్, ఇంటర్మీడియట్, అడ్వాన్స్‌డ్ అని మూడు అంచెలుగా మార్చి, వాటా 90 శాతానికి పెంచింది. జీడిమెట్లలోనో విజయవాడ ఆటోనగర్‌లోనో పదిహేనుమందితో నడిచే షెడ్డు యజమానికి ఇది నిజంగా అందివచ్చే సాయం. అయితే తరగతికి వెళ్లేది యజమానీ, లెక్కలు చూసే కుర్రాడూ మాత్రమే అయితే ఫలితం గోడల మీది పోస్టర్ల దగ్గరే ఆగుతుంది. వెళ్లాల్సినవాడు షిఫ్టు నడిపే మేస్త్రీ. ఆ రోజు ఉత్పత్తి తగ్గినా సరే అతన్నే పంపాలి.

చాలా ఫ్యాక్టరీల్లో ఇప్పుడు స్కిల్ మ్యాట్రిక్స్ అని ఒక చార్టు వేలాడుతుంటుంది. ఎవరికి ఏ పని ఎంత వచ్చో సున్నాల్లో నలుపు నింపి చూపిస్తారు, ఆడిటర్ వచ్చేముందు ఇంకొన్ని సున్నాలు నిండుతాయి. 1940ల నాటి కార్డుతో పాటు ఫోర్‌మన్ తయారుచేసుకున్న కాగితం కూడా దాదాపు అలాగే ఉండేది, పైన పేర్లు, పక్కన పనులు. పని వచ్చినవాడి గడిలో ఒక టిక్కు. రానివాడి గడిలో ఒక తేదీ. ఫలానా మనిషికి ఫలానా పని ఏ తేదీలోగా తాను నేర్పాలో ఫోర్‌మన్ తన చేత్తో రాసుకునే తేదీ అది. మన చార్టుల్లో ఆ తేదీ రాసే గడిని మళ్లీ పెట్టడానికి కన్సల్టెంటు అక్కర్లేదు, మేస్త్రీకి ఒక పెన్సిలూ, నేర్పడానికి షిఫ్టులో ఒక అరగంటా ఇస్తే చాలు.