బషీరాబాద్ ఫౌజ్దారీ మిసిళ్లు ఏమయ్యాయి

తాండూరు, బషీరాబాద్ వైపు ఏ పెద్దమనిషినైనా నిజాం కాలపు క్రిమినల్ కేసు కాగితాల గురించి అడిగితే ఒకటే మాట వినిపిస్తుంది: “అవన్నీ పోలీసు యాక్షన్ల కాలిపోయినయి.” కొంచెం చదువుకున్నవాళ్లు దానికి చెదలు కూడా కలుపుతారు. ఊళ్ల చరిత్రలు రాసేవాళ్లలోనూ చాలామంది ఈ మాటనే ఒక వాక్యంగా దించేసి ముందుకు పోతున్నారు. తాత మీద పెట్టిన దొంగతనం కేసు ఏమైందో, పొలం గట్టు దగ్గర జరిగిన ఖూనీలో ఎవరికి శిక్ష పడిందో తెలుసుకుందామని వచ్చిన మనవడు అక్కడితో వెనక్కి తిరుగుతాడు. కాలిపోయినవి ఉన్నాయి, కాదనను. నా అనుమానమల్లా, మనం వెతుకుతున్న చోట ఆ కాగితాలు అసలు ఎన్నడైనా ఉన్నాయా అని.

మొదటి దశలు అందరికీ తెలిసినవే కాబట్టి త్వరగా దాటేస్తాను. 1853 నుంచి 1883 దాకా దివానుగా ఉన్న మొదటి సాలార్‌జంగ్ జిల్లాలను ఏర్పరచి, అదాలతులను ఒక దారిలో పెట్టాడు. 1880ల్లో కోర్టుల్లో ఫార్సీ పోయి ఉర్దూ వచ్చింది. తహసీల్దారు, తాలుక్‌దారు పన్ను వసూలుతో పాటు శిక్షలు కూడా వేసే పద్ధతికి 1921లో నిజాం ఫర్మానా తెరదించింది. న్యాయశాఖను పాలనాశాఖ నుంచి విడదీసిన తొలి సంస్థానం మాదేనని హైదరాబాదు వాళ్లు చెప్పుకున్న గొప్ప ఇదే. ఫైలుకు మిసిల్, రికార్డు గదికి ముహాఫిజ్‌ఖానా, తీర్పుకు ఫైసలా, వాయిదాకు పేషీ అన్నవి అప్పటి మాటలు. పేషీ అన్న మాట ఇప్పటికీ తాండూరు కోర్టు ఆవరణలో నలుగుతూనే ఉంది.

ఈ కథ చెప్పేవాళ్లు రెండు సంగతులు వదిలేస్తారు. ఒకటి రైలు. వాడి జంక్షన్ నుంచి సికింద్రాబాదుకు 1874లో పడిన లైను తాండూరు మీదుగానే పోతుంది. ఆ పట్టాల వెంబడి భూమి నిజాందే అయినా, పోలీసు, కోర్టు అధికారాలు బ్రిటిష్ వాళ్లకు దఖలయ్యాయి. ఆ అధికారం ఎంతవరకు అన్న తగాదా లండన్‌లోని ప్రీవీ కౌన్సిల్ దాకా పోయింది. సిమ్లా మేజిస్ట్రేటు ఇచ్చిన వారంటుతో యూసుఫుద్దీన్ అనే ఆయనను ఇదే లైనులోని శంకర్‌పల్లి స్టేషన్‌లో పట్టుకున్నారు. రైల్వే పనులకు ఇచ్చిన అధికారంతో రైల్వేతో సంబంధం లేని నేరానికి అరెస్టు చెల్లదని 1897లో కౌన్సిల్ తేల్చింది. అంటే స్టేషన్‌లో మూట పోతే ఒక రాజ్యపు కోర్టు, స్టేషన్ బయట సంతలో పోతే మరో రాజ్యపు కోర్టు. బ్రిటిష్ రెసిడెన్సీ కాగితాలు ఇప్పుడు ఢిల్లీలోని జాతీయ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. రైలు దొంగతనం మిసిల్ కోసం తాండూరులో ఎంత గాలించినా ఏం లాభం?

రెండోది పాయిగా, అంటే నిజాం కింది పెద్ద ప్రభువుల జాగీరు. వికారాబాద్ పేరు వెనక వికారుల్ ఉమ్రా ఉన్నాడని అందరూ చెప్పేదే. మరో పాయిగా ప్రభువు అస్మాన్‌జా బిరుదు బషీరుద్దౌలా. హైదరాబాదులో బషీర్‌బాగ్ ఆయన పేరు మీదే వచ్చింది. బషీరాబాద్ కూడా అలాంటి పేరే కదా అనిపించడం సహజం. పేరును పట్టాగా చూపించడం మాత్రం నాకు నచ్చదు. అడగాల్సిన ప్రశ్న వేరు: నేరం జరిగిన ఏడాదికి ఆ ఊరు ఖాల్సాలో (నేరుగా నిజాం సర్కారు కింద) ఉందా, జాగీరులోనా? పాయిగాలకు సొంత పోలీసు, సొంత కోర్టులు ఉండేవి. 1949లో జాగీర్ల రద్దు రెగ్యులేషన్ వచ్చేదాకా పక్కపక్క ఊళ్ల కేసులు కూడా వేర్వేరు కచేరీలకు పోయి ఉండవచ్చు. ఈ సంగతి కోర్టు గుమస్తా చెప్పలేడు, రెవెన్యూ కాగితాలే చెప్పాలి. తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌కు వెళ్లాల్సింది మొదట దీని కోసం, ఆ తర్వాతే మిసిల్ కోసం.

ఇక అసలు సంగతి గుల్బర్గా. 1956 అక్టోబరు 31 రాత్రి దాకా బషీరాబాద్ ఉన్న తాండూరు తాలూకా గుల్బర్గా జిల్లాలోది. రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ చట్టం ఈ తాలూకాను పేరుపెట్టి విడదీసి హైదరాబాదు జిల్లాలో కలిపింది. అదే జిల్లాలోని కొడంగల్ మహబూబ్‌నగర్‌కు పోయింది. ఈ సంగతి తెలియని చరిత్రకారుడు లేడు. అయినా రికార్డుల మాట వచ్చేసరికి అందరూ హైదరాబాదు వైపే చూస్తారు. నిజాం అనగానే హైదరాబాదు గుర్తుకు రావడం వల్ల జరిగే పొరపాటు కావచ్చు.

ఆ చట్టం కోర్టుల గురించి చేసిన ఏర్పాటును జాగ్రత్తగా చదవాలి. కింది కోర్టులో విచారణలో ఉన్న కేసు కొత్త రాష్ట్రంలోకి పోయిన ప్రాంతానికే పూర్తిగా చెందినదైతే, అది అక్కడి కోర్టుకు బదిలీ అవుతుంది. అక్కడ చెప్పింది నడుస్తున్న కేసుల గురించే. ఫైసలా అయి, దస్త్రం కట్టి, ముహాఫిజ్‌ఖానా అరలోకి చేరిన మిసిల్‌ను బండెక్కించి హైదరాబాదుకు పంపమని ఆ నిబంధన అనలేదు. 1945లో గుల్బర్గా జిల్లా కోర్టులో తేలిన ఖూనీ కేసు కాగితాలకు అక్కడి నుంచి కదలాల్సిన కారణం ఏముంది? తాండూరు స్థాయిలోనే ముగిసిన చిన్న కేసుల సంగతి వేరు. ఆ కోర్టు భవనంతో సహా ఇటువైపు వచ్చింది కాబట్టి దాని రిజిస్టర్లూ ఇటే వచ్చాయనుకోవాలి. అంటే ఒకే ఊరి ఒకే ఏడాది కేసుల్లో చిన్నవి తెలంగాణలో, పెద్దవి కర్ణాటకలో ఉండే అవకాశం ఎక్కువ. అప్పీలుకు పోయినవైతే మళ్లీ హైదరాబాదే. అప్పట్లో గుల్బర్గా, తాండూరు రెండూ నిజాం హైకోర్టు అయిన అదాలత్-ఎ-ఆలియా కిందివే. దాని కోసం మూసీ ఒడ్డున 1920లో తెరిచిన భవనమే ఇప్పటి తెలంగాణ హైకోర్టు. ఆనాటి హైకోర్టు తీర్పుల్లో కొన్ని ‘దక్కన్ లా రిపోర్ట్’లో ఉర్దూలో అచ్చయ్యాయి కూడా. దాన్ని తిరగేసేవాళ్లు లేకపోవడం కాలిపోవడం కిందికి రాదు.

ఈ వాదనకు నేనే ఒక అభ్యంతరం చెప్పుకోవాలి. 1948 సెప్టెంబరు పోలీసు యాక్షన్ తర్వాతి హింసలో ఘోరంగా దెబ్బతిన్న నాలుగు జిల్లాల్లో గుల్బర్గా ఒకటని సుందర్‌లాల్ కమిటీ నివేదిక చెప్పింది. దఫ్తరాలకూ నష్టం జరిగి ఉండవచ్చు. కానీ కోర్టులు ఆ నెలతో ఆగిపోలేదు. హైదరాబాదు పీనల్ కోడ్ 1951 ఏప్రిల్ 1న భారత శిక్షాస్మృతి వచ్చేదాకా అమలులోనే ఉంది. 1947 డిసెంబరులో వరంగల్ జిల్లాలో జరిగిన నేరాల మీద హబీబ్ మహమ్మద్ కేసు 1950లలో సుప్రీంకోర్టు దాకా నడిచింది. అన్నీ బూడిదైన రాజ్యంలో అలాంటి విచారణలు సాగవు. పైగా రికార్డులు పోవడానికి నిప్పే అక్కర్లేదు. 1917 నాటి రికార్డుల విధ్వంస చట్టం కింద హైకోర్టులు చేసిన నియమాలు గడువు తీరిన కాగితాలను పద్ధతి ప్రకారం నాశనం చేయనిస్తాయి. సాధారణంగా సాక్ష్యాల కట్ట ముందు పోతుంది, తీర్పూ రిజిస్టరూ ఎక్కువ కాలం నిలుస్తాయి. మన కాగితాలను మింగింది అల్లర్ల కంటే ఈ గడువులే ఎక్కువేమోనన్నది నా అంచనా.

కాగితం దొరికినా చదవడం ఒక పరీక్షే. ట్రంకుపెట్టెలో ఉర్దూ నకలు దొరికితే తారీఖు ‘ఖుర్దాద్ 1354 ఫస్లీ’ అని ఉంటుంది. హైదరాబాదు ఫస్లీ అక్టోబరులో ఆజుర్ నెలతో మొదలవుతుంది కాబట్టి డిసెంబరు దాకా 590, జనవరి నుంచి 591 కలపాలి. ఖుర్దాద్ 1354 అంటే 1945 ఏప్రిల్ ప్రాంతం. మద్రాసు ఫస్లీ జూలైలో మొదలవుతుంది. కోస్తా జిల్లాల లెక్క అలవాటైనవాళ్లు ఇక్కడ మూడు నెలలు తప్పుతారు. సెక్షన్లదీ అదే తంతు. హైదరాబాదు కోడ్‌లో హత్య 243, భారత శిక్షాస్మృతిలో 302, 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో 103. పాత రిజిస్టరులో 302 కోసం వెతికినవాడికి ఆ ఊళ్లో ఎవరూ ఎవరినీ చంపలేదనిపిస్తుంది.

1956 తర్వాత హద్దులు మారుతూనే ఉన్నాయి. 1978లో రంగారెడ్డి జిల్లా, 1985లో మండలాలు, 2016లో వికారాబాద్ జిల్లా, 2019లో తెలంగాణకు విడిగా హైకోర్టు, 2022లో కొత్త న్యాయ జిల్లాలు. ఊరు మాత్రం కాగ్నా పరీవాహకంలో, కర్ణాటక సరిహద్దు పక్కన, ఉన్నచోటే ఉంది. 1990 నాటి సెషన్స్ కేసు అడిగేవాళ్లు రంగారెడ్డి జిల్లా పేరు మీద అడగాలి. ఒక్క హత్య కేసుకే ఠాణాలో క్రైమ్ నంబరు, మేజిస్ట్రేటు దగ్గర పి.ఆర్.సి., సెషన్స్‌లో ఎస్.సి., హైకోర్టులో క్రిమినల్ అప్పీల్ అని నాలుగు నంబర్లుంటాయి. వీటిలో ఒకటి చేతికొస్తే మిగతావి రాబట్టుకోవచ్చు. పేరు ఒక్కటే పట్టుకుని పోతే కష్టం.

ఇప్పుడు ఈ-కోర్టులు వచ్చాయి, సమస్య తీరిందంటున్నారు. 2007లో మొదలైన ఆ పథకం మేలు చేసింది. పదహారు అక్షరాంకెల సి.ఎన్.ఆర్. నంబరుంటే వాయిదా తేదీ ఇంట్లోంచే తెలుస్తుంది. ఎఫ్ఐఆర్‌లను 24 గంటల్లో వెబ్‌సైటులో పెట్టాలని, లైంగిక నేరాల వంటి వాటిని మినహాయించి, 2016లో సుప్రీంకోర్టు ఆదేశించింది. నా ఇబ్బంది ఇంకోచోట ఉంది. అక్కడ కనిపించేది ఎక్కించినంతవరకే, అదీ ఇంగ్లీషు స్పెల్లింగులో. ఒకే మనిషి మూడు కేసుల్లో మూడు రకాల అక్షరాలతో ఉంటాడు. సాక్షి తెలుగులోనో కన్నడంలోనో ఉర్దూలోనో చెప్పింది ఇంగ్లీషులో టైపవుతుంది. నిర్దోషిగా బయటపడిన మనిషి పేరు మాత్రం పెళ్లి సంబంధం చూసేవాళ్లకు ఒక్క నొక్కుతో దొరుకుతుంది. అతన్ని విడిచిపెట్టిన తీర్పు చదివే ఓపిక ఎంతమందికి? అందరికీ అన్నీ తెరవాలనే వాదనతో నేను పూర్తిగా ఏకీభవించలేను. అత్యాచార బాధితురాలి పేరు, బాలుర కేసుల కాగితాలు చట్టం దాచినవి. దాచడమే సరి.

మరోవైపు, న్యాయంగా అడిగేవాడికి దారి ఇరుకైంది. కోర్టు కాగితాల నకళ్లు సమాచార హక్కు కింద కాకుండా కోర్టు నియమాల కిందే తీసుకోవాలని 2020 మార్చిలో సుప్రీంకోర్టు గుజరాత్ హైకోర్టు కేసులో చెప్పింది. తీర్పు వల్ల ప్రభావితుడైన వ్యక్తికి నకలు హక్కుగా వస్తుంది. మూడో మనిషికి హైకోర్టు నియమాలు ఒప్పుకోవాలి, కారణం చెప్పాలి. డెబ్బై ఏళ్ల కిందటి కేసులో ఊరి చరిత్ర రాసేవాడు ఎవరి కింద లెక్క? ఒక కాపీయింగ్ సెక్షన్‌లో నన్ను అడిగారు, “మీకేమైతడు ముద్దాయి?” ఏమీ కాడన్నాను. అర్జీ వెనక్కి వచ్చింది.

అప్పటి నుంచి ఎక్కడికెళ్లినా మిసిల్ అడగడం మానేశాను. ముందు ఆ ఏడాది రిజిస్టర్ల జాబితా అడుగుతాను, ఖాతాల్లో ఊరి పేరు చూస్తాను, ఆ తర్వాతే నంబరుతో అర్జీ పెడతాను. గుల్బర్గా పేరు 2014లో కలబురగి అయింది, అర్జీ మీద ఆ పేరే రాయాలి. తాండూరులో పొద్దున రైలెక్కితే కచేరీ వేళకు అక్కడ దిగవచ్చు. వెంట ఉర్దూ శికస్తా (గొలుసుకట్టు రాత) చదవగలిగినవాళ్లు ఒకరు, కన్నడం మాట్లాడేవాళ్లు ఒకరు ఉండాలి. బషీరాబాద్‌లో ఆ రెండో మనిషికి కొదవ లేదు.