కట్ట విప్పితే గాని తెలియదు

గాజువాక ఆటోనగర్‌లో పొద్దున తొమ్మిది దాటింది. రేకుల షెడ్డులోకి అప్పుడే వేడి దిగుతోంది. పాడేరు నుంచి ఘాట్ దిగి వచ్చిన పాత మహీంద్రా ఎంఎం 540 జీపు సిమెంటు గచ్చు మీద ఆగి ఉంది. టైర్ల గాళ్లలో ఎర్రమట్టి ఇంకా తడారలేదు. బండి వెనక్కి వచ్చి నిలబడండి. ఎడమ పక్కకి ఒరిగింది కదా? మేస్త్రీ టేపు తీసి చక్రం మధ్య నుంచి బాడీ అంచు దాకా రెండు పక్కలా కొలిచాడు. ఎడమవైపు రెండంగుళాలు తక్కువ.

"ఎడం కట్ట పోనాది బావూ," అన్నాడు.

డ్రైవరు తల ఊపాడు. సంతరోజు లోపల మనుషులు, పైన కాఫీ గింజల బస్తాలు, మిరియాల మూటలు. గుంటలో పడ్డప్పుడల్లా వెనకనుంచి దబ్బుమని చప్పుడొస్తోందట. యాక్సిల్ పైకి లేచి, ఛాసిస్ కిందున్న రబ్బరు దిమ్మెను గుద్దుకునే చప్పుడది. కమాన్ కట్ట ఆపాల్సిన దెబ్బను బండి ఒంటితో కాస్తోందన్నమాట.

ఈ జీపుకి నాలుగు చక్రాల దగ్గరా కమాన్ కట్టలే, అంటే పేర్చిన ఉక్కు పట్టీల స్ప్రింగులే. రెండో ప్రపంచయుద్ధం నాటి విల్లీస్ జీపు నుంచి వచ్చిన అమరిక ఇది. విల్లీస్ జీపులను మన దేశంలో బిగించి అమ్మడంతోనే మహీంద్రా జీపుల వ్యాపారం మొదలైంది. 2020లో వచ్చిన థార్‌కి వెనక కూడా కాయిల్ స్ప్రింగులు పెట్టేశారు. మన్యం రోడ్ల మీద తిరిగే పాత జీపుల బరువు మాత్రం ఇప్పటికీ ఈ ఉక్కు పట్టీల మీదే.

ముందు చక్రాలకి అటూ ఇటూ చెక్క దిమ్మెలు పడ్డాయి. హెల్పరు కుర్రాడు వెనక జాకీ ఎత్తి, చక్రం విప్పి, కిందకి దూరబోయాడు.

"జాకీని నమ్ముకుని దూరిపోతావేట్రా? ముందు స్టాండు ఎట్టు!"

ఛాసిస్ కింద రెండు పక్కలా స్టాండ్లు వచ్చాయి. యాక్సిల్ కింద మరో జాకీ. బాడీ బరువు స్టాండ్ల మీద, యాక్సిల్ బరువు జాకీ మీద. కట్ట మీద ఇప్పుడు ఏ బరువూ లేదు.

వంగి చూడండి. వేలాడే లైటు వెలుగులో కట్ట మొత్తం కనిపిస్తుంది. పొడవాటి మెయిన్ పట్టీ, దాని చివరల్లో చుట్టిన కళ్లు, ఆ కింద ఒకదాన్ని మించి ఒకటి పొట్టిగా మిగతా పట్టీలు. వీటన్నిటినీ కలిపి ఉంచేది నడుమనున్న సెంటర్ బోల్టు. కట్టను యాక్సిల్‌కి అదిమి పట్టేవి రెండు యూ బోల్టులు. కట్ట ఒక కొస పిన్నుతో ఛాసిస్‌కి కదలకుండా ఉంటుంది. రెండో కొస షాకిల్‌కి వేలాడుతుంది. బరువు పడ్డప్పుడు విల్లులా వంగిన పట్టీ చదునై పొడుగు సాగుతుంది గనక, ఆ సాగుడుకి చోటిచ్చేది షాకిలే.

యూ బోల్టు నట్ల మీద డీజిల్ పోసి కాసేపు ఉంచారు. అయినా మూడు కదల్లేదు. రింగు పానాకి పైపు తొడిగి ఇద్దరు లాగినా లాభం లేక రంపంతో కోసేశారు. దానికి ఎవరూ బాధపడలేదు. ఒకసారి బిగించి సాగిన యూ బోల్టుని మళ్లీ వాడకూడదు, ఎలాగూ పారేసేవే. నాలుగో నట్టు మాత్రం చేత్తోనే తిరిగింది. మేస్త్రీ దాన్ని పక్కకి తీసి పెట్టాడు.

షాకబ్జార్‌ని విప్పి మీ చేతికిచ్చాడు. లాగి చూడండి. చేతికి గట్టిగా ఎదురు తిరగాలి. ఇదేమో గాలి పోయిన సైకిల్ పంపులా జారిపోతోంది. ఒంటినిండా ఆయిలు కారి దుమ్ము పేరుకుంది.

పిన్ను, షాకిల్ బోల్టులు సమ్మెట దెబ్బలకి ఊడాయి. కట్ట నేల మీదకి దిగింది. కళ్లలోని బుష్షుల రబ్బరు ఒక పక్క పూర్తిగా అరిగిపోయి, ఇనుముకి ఇనుము రాసుకున్న చోట మెరుస్తోంది. సెంటర్ బోల్టు విప్పగానే పట్టీలు విడిపోయి తుప్పు పొడి రాలింది. రెండో పట్టీ రెండు ముక్కలై ఉంది. సరిగ్గా నడుమ, బోల్టు బెజ్జం మీదుగా విరిగింది. విరిగిన అంచులో సగం నల్లగా పాతబడింది, సగం తెల్లగా కొత్తగా ఉంది. అంటే ఒక్క గుంటకి విరిగింది కాదు, చాలాకాలంగా చీలుతూ వచ్చింది.

కట్ట అడుగున ఒక పట్టీ మిగతావాటికంటే మందంగా ఉంది.

"ఇది ఈ బండిది కాదు," అన్నాడు మేస్త్రీ. "ఎవరేసినారు?"

"బరువు ఆగుతాదని ఎక్స్‌ట్రా ఏయించినాం, మేస్త్రీ."

అసలు సంగతి ఇక్కడుంది. పట్టీ మందం రెట్టింపైతే బిరుసు ఎనిమిది రెట్లవుతుంది. అందుకే సన్నపాటి పట్టీలను పేర్చి కట్టగా చేస్తారు. ఒక్కోటీ తేలిగ్గా వంగుతుంది, అన్నీ కలిసి బరువు మోస్తాయి. పట్టీలు ఒకదానితో ఒకటి రాసుకునే ఆ ఒరిపిడి కొంత ఊపునీ తగ్గిస్తుంది. కట్టలో ఒక్క మొండి పట్టీ దూరితే ఆ సర్దుబాటు చెడుతుంది. పైగా కట్ట ఎత్తు పెరిగింది, యూ బోల్టులు పాతవే. నట్టుకి పట్టుకోవడానికి నాలుగు మరలు కూడా మిగల్లేదు. ఇందాక చేత్తో తిరిగిన నట్టు అందుకే వదులైంది. యూ బోల్టు వదులైతే కట్ట నడుమ కదులుతుంది. కదిలే పట్టీ ఎక్కడ బెజ్జం ఉంటే అక్కడే చీలుతుంది.

కొత్త కట్టలు రెండు వచ్చాయి. విరిగింది ఒకటే అయినా మార్చేది జతే. లేదంటే బండి ఈసారి కుడిపక్కకి ఒరుగుతుంది. సెంటర్ బోల్టు తల యాక్సిల్ దిమ్మె మీది గుంటలో సరిగ్గా కూర్చుందో లేదో మేస్త్రీ వేలు పెట్టి తడిమి చూసుకున్నాడు. కూర్చోకపోతే యాక్సిల్ వంకరగా నిలిచి టైర్లు అరుగుతాయి. కొత్త యూ బోల్టుల నట్లు ఎదురెదురుగా, కొంచెం కొంచెంగా బిగిశాయి. షాకబ్జార్లు కూడా జతగానే మారాయి.

పిన్ను బోల్టులు మాత్రం ఇంకా వదులుగానే ఉన్నాయి. కుర్రాడు పానా ఎత్తితే మేస్త్రీ ఆపాడు. చక్రాలు వేలాడుతుండగా బిగిస్తే, బండి దిగాక రబ్బరు బుష్షు మెలిపడిపోయి త్వరగా చిరుగుతుంది. చక్రాలు ఎక్కించి, స్టాండ్లు తీసి, బండిని నేల మీద దించి, నాలుగుసార్లు ఊపాకే అవి బిగిశాయి. మళ్లీ టేపు పెట్టారు. రెండు పక్కలా ఒకటే కొలత. బండి పైకి లేచింది గనక బ్రేకు గొట్టం లాగుకుపోతోందేమో కూడా చూశారు. దానికి వదులుంది.

మీ దగ్గరా ఇలాంటి పాత బండి ఉంటే మేస్త్రీ డ్రైవరుకి చెప్పిన మాటే మీకూ. కొన్ని వందల కిలోమీటర్లు తిరిగాక కొత్త పట్టీలు సర్దుకుని యూ బోల్టులు వదులవుతాయి, వచ్చి మళ్లీ బిగించుకోండి. బరువు ఎక్కువుంటే ట్రిప్పు పెంచండి, పట్టీ పెంచకండి.