ఆర్మూరు: రహదారి పెంచిన పసుపు సీమ

నిజామాబాద్‌కు ఈశాన్యంగా సుమారు 25 కిలోమీటర్ల దూరంలో, నల్లరాతి గుట్టల నడుమ ఆర్మూరు ఉంది. ఆ గుట్టల్లో పేరున్నది నవనాథ సిద్ధుల గుట్ట. ఊరికి ఉత్తరాన పారే గోదావరే నిజామాబాద్ జిల్లాకు ఎల్ల. హైదరాబాద్ నుంచి నాగపూర్ వెళ్లే పాత బాట కామారెడ్డి మీదుగా ఆర్మూరు పక్కకు వచ్చి, బాల్కొండ దాటి, సోన్ దగ్గర గోదావరిని దాటి నిర్మల్ చేరుతుంది. ఈ బాట నిజామాబాద్ పట్టణాన్ని తాకదు.

రైలు సంగతి సరిగ్గా దీనికి వ్యతిరేకం. ఇరవయ్యో శతాబ్దం మొదట్లోనే గోదావరి లోయ మీటర్ గేజ్ లైను సికింద్రాబాద్ నుంచి కామారెడ్డి, ఇందూరు, బాసర మీదుగా మన్మాడ్ దాకా నడిచింది. 1905లో నిజామాబాద్‌గా పేరు మారిన ఇందూరుకు మార్కెట్, మిల్లులు, కచేరీలు ఆ పట్టాల వెంటే వచ్చాయి. తూర్పున మంచిర్యాల మీదుగా కాజీపేట–బల్హార్షా లైను పడింది. ఈ రెండు లైన్ల నడుమ ఆర్మూరు, మెట్‌పల్లి, కోరుట్ల, జగిత్యాల పట్టణాలు దశాబ్దాల పాటు రైలు ముఖం చూడలేదు. పసుపు పండేది ఇక్కడ, అమ్ముడయ్యేది నిజామాబాద్ మార్కెట్ యార్డులో. ఈ ఏర్పాటు వెనుక ఆ పాత పట్టాల ప్రభావం చాలానే ఉంది.

పసుపు పంట స్వభావం కూడా రవాణాతో ముడిపడినదే. వానాకాలం మొదట్లో విత్తిన పంట ఎనిమిది తొమ్మిది నెలలు నేలలోనే ఉంటుంది. సంక్రాంతి దాటాక తవ్వకాలు మొదలవుతాయి. తవ్విన దుంపల్లో కొమ్మును, తల్లిదుంప అయిన మండను వేరుచేసి ఉడకబెడతారు. కళ్లాల్లో రోజుల తరబడి ఎండబోస్తారు. ఆపైన డ్రమ్ముల్లో తిప్పితే పైపొట్టు రాలి నిగారింపు వస్తుంది. ఎండిన కొమ్ము విరిస్తే గట్టిగా పెళుక్కుమనాలి. తడి ఉంటే ధర పడిపోతుంది. బాగా ఎండిన సరుకు త్వరగా చెడదు కాబట్టి దూరం పంపవచ్చు. అందుకే ఇక్కడ ధర నచ్చని రైతులు లారీ కట్టించుకొని మహారాష్ట్రలోని సాంగ్లీ మార్కెట్‌కు పోవడం అలవాటైంది.

1963లో జవహర్‌లాల్ నెహ్రూ పోచంపాడు దగ్గర శంకుస్థాపన చేసిన శ్రీరాంసాగర్ ప్రాజెక్టు ఈ ప్రాంతపు సాగు ముఖచిత్రాన్ని మార్చింది. అయితే గోదావరి పక్కనే పారుతున్నా ఆర్మూరు పొలాలు చాలావరకు మిట్ట మీదివి. చెరువులు, బావులు, బోర్ల మీదే రైతు ఎక్కువగా ఆధారపడ్డాడు. గుత్ప ఎత్తిపోతల పథకం వచ్చాక కొంత ఊరట దక్కింది. పసుపుతో పాటు ఎర్రజొన్న, విత్తన పంటలూ ఇక్కడ వేళ్లూనుకున్నాయి.

పాత నాగపూర్ బాట 7వ నంబరు జాతీయ రహదారిగా, 2010 తర్వాత 44వ నంబరుగా మారింది. నిజామాబాద్ నుంచి జగదల్‌పూర్ వైపు పోయే 16వ నంబరు రహదారి 63 అయింది. ఈ రెండూ ఆర్మూరు దగ్గరే కలుస్తాయి. 2019 ఫిబ్రవరిలో గిట్టుబాటు ధర కోసం పసుపు, ఎర్రజొన్న రైతులు రోడ్డెక్కింది ఇక్కడే. శ్రీనగర్–కన్యాకుమారి రహదారి అయిన ఈ 44 మీద బైఠాయిస్తే ఢిల్లీ దాకా వినబడుతుందన్న వారి లెక్క తప్పు కాదు. ఆ ఏడాది లోక్‌సభ ఎన్నికల్లో నిరసనగా 170 మందికి పైగా రైతులు నామినేషన్లు వేయగా, నిజామాబాద్ బరిలో 185 మంది అభ్యర్థులు నిలిచారు.

రైలు మాత్రం నత్తనడకన వచ్చింది. ఆర్మూరు మీదుగా పోయే పెద్దపల్లి–నిజామాబాద్ లైనుకు 1993లో పి.వి. నరసింహారావు శంకుస్థాపన చేశారు. సుమారు 177 కిలోమీటర్ల ఆ దారి 2017లో గానీ పూర్తి కాలేదు. ఒక తరం రైతులు ఆ లైను కోసం ఎదురుచూస్తూనే ముసలివాళ్లయ్యారు. అప్పటికే సరుకు రవాణాలో లారీలు పాతుకుపోయాయి.

రైతులు ఏళ్ల తరబడి అడిగిన జాతీయ పసుపు బోర్డు 2023 అక్టోబరులో ప్రకటితమై, 2025 జనవరి 14న ప్రారంభమైంది. దాని ప్రధాన కార్యాలయం నిజామాబాద్‌లో ఉంది.